ఎటని ఎవరూ అడగలేదు

బండి స్టాండు తీసి కిక్కు మీద కాలు పెట్టిన మనిషిని "ఎటు?" అని అడగకూడదు. ఇదేం మా ఇబ్రహీంపట్నంలో పుట్టిన పట్టింపు కాదు, తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎక్కడైనా ఉన్నదే. నోరు జారినవాడు నాలుక కరుచుకుంటాడు, పెద్దవాళ్ళు కసురుకుంటారు, అంతటితో అయిపోతుంది. మెకానిక్ పరమేశ్వర్ దగ్గర మాత్రం అంతటితో అయ్యేది కాదు. ఎవరైనా అడిగారా, ముఖం మాడ్చుకుని బండి దిగేవాడు. లోపలికి పోయి కాళ్ళు కడుక్కునేవాడు, మంచినీళ్ళు తాగేవాడు, అడిగినవాడిని తనివితీరా తిట్టేవాడు, ఎలాగూ చెడిందని ఆ తిట్లలోనే పోయే ఊరూ చెప్పేవాడు. కాసేపు కూర్చుని, ఏమీ జరగనట్టు మళ్ళీ కొత్తగా బయలుదేరేవాడు. ఇంతా చేసి పోయేది యాచారానికి, ఎవరిదో క్లచ్ కేబుల్ వేయడానికి.

సాగర్ రోడ్డు మీద ఆయన షెడ్డుకు ఎదురుగానే నా టీ హోటలు. ఇరవై ఏళ్ళు ఆ మనిషిని చూశాను. ఆయన మీద నాకు కోపం ఇప్పటికీ పోలేదు, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. పోయినవాడి మీద కోపమేమిటని నా భార్య అంటుంది. అనుకోనీ.

పరమేశ్వర్ చేసేది బుల్లెట్ల పని. బండి రోగం చెప్పేముందు బండి తెచ్చినవాడిని నోరు మూసుకోమనేవాడు. "నువ్వు చెప్పుడు ఆపితె అది చెప్తది" అనేవాడు. గిరాకీలు నొచ్చుకునేవారు, నొచ్చుకుని మళ్ళీ ఆయన దగ్గరికే వచ్చేవారు. భార్య సునంద ఇంట్లో జాకెట్లు కుట్టేది. పిల్లలు లేరు. ఆ లోటు గురించి ఇద్దరూ ఎన్నడూ పైకి అనగా నేను వినలేదు.

పక్క షెడ్డు నవాజ్‌ది, వెల్డింగ్ పని. ఇద్దరూ ఒకే బడిలో చదివి, ఒకే ఏడు బడి మానేశారు. పరమేశ్వర్ కిక్కు కొట్టే సమయం చూసి, కావాలనే "ఎటురా?" అని అరిచేది నవాజే. ఆ తిట్లు వినడానికి నా హోటల్లో జనం చెవులు రిక్కించేవారు. అయినా చీకటిపడ్డాక పరమేశ్వర్ తిరిగి రాకపోతే వెతుక్కుంటూ పోయేది కూడా ఆ నవాజే. మంచాల రోడ్డులోనో, మాల్ ఊరి దగ్గరో బండి చెడి కూర్చున్నవాడిని వెనక ఎక్కించుకుని వచ్చేవాడు.

"వానికెట్ల తెలుస్తదో గని ముత్యాలన్న, నేను ఏడున్నా వస్తడు" అని పరమేశ్వర్ నాతో గొప్పగా చెప్పుకునేవాడు.

"ఉన్నవే నాలుగు రోడ్లు. గీన్ని ఎతకడానికి పెద్ద తెలివి గావాల్నా?" అని నవాజ్ నవ్వేవాడు.

కొంగరకలాన్‌లో కలెక్టరాఫీసు కడతారన్న మాట పుట్టిన రోజుల్లో మా వైపు నేలంతా ప్లాట్లయింది. నిన్నటిదాకా జొన్న చేలో ఉన్న కుర్రాళ్ళు కొత్త బుల్లెట్ల మీద తిరగడం మొదలుపెట్టారు. వాళ్ళు గుంపుగా లడాఖ్ పోయేవారు. రంగురంగుల జెండాలు కట్టుకుని, బండినిండా మట్టితో వచ్చేవారు. ఆ మట్టి కడిగేది పరమేశ్వర్. ఎవరెవరో తొక్కి వచ్చిన కొండల మట్టిని మా సాగర్ రోడ్డు మోరీలోకి కడిగి కడిగి ఆయనకు విసుగు పుట్టిందో, ఆశే పుట్టిందో తెలియదు. ఒక గిరాకీ ఫోన్లో ఒక తోవ చూపించాడు. అది మంచులో మొదలై, దిగి దిగి, నడి మధ్యాహ్నం కూడా ఆకాశం కనిపించని వాన అడవిలోకి పోతుంది. ఆ రోజు పరమేశ్వర్ నా దగ్గర టీ చల్లారేదాకా తాగలేదు.

"మంచు చూడాలె, అడవి చూడాలె. ఒక్కటే తొవ్వల రెండూ చూడాలె" అన్నాడు.

"ఆ అడవి ఏడున్నది?" అన్నాను.

"పేరు ముందుగాల అంటే ఊరు చేరమన్న" అన్నాడు. నేను నవ్వాను.

రెండేళ్ళు ఆ మాటమీదే ఉన్నాడు. చివరికి నవాజ్‌ను ఒప్పించాడు. తవాంగ్ వైపు కొండలెక్కాలని నవాజ్‌కు చెప్పాడు. ఆ తర్వాతి సంగతి అడిగితే, "మొదలు మంచు దాటనియ్యి" అన్నాడు. అడవి ఎక్కడిదో, దాని తోవ ఏదో ఆయన తలలోనే ఉంది.

ఏప్రిల్ మొదట్లో బయలుదేరారు. సికింద్రాబాద్ దాకా బండ్ల మీద పోయి, అక్కడినుంచి బండ్లతో సహా రైల్లో గువాహటికి. ఆ పొద్దున నవాజ్ భార్య బషీరా ఆకుపచ్చ గుడ్డలో రూపాయి బిళ్ళ మూటకట్టి, ప్రయాణం పోయేవాళ్ళకు కట్టే ఇమామ్ జామిన్ ఇద్దరి జబ్బలకూ కట్టింది. సునంద బండ్లకు నిమ్మకాయలు తొక్కించింది. వాడకట్టు వాడకట్టంతా నిలబడి ఉంది, ఒక్కరి నోటినుంచీ ఆ మాట రాలేదు. ఎప్పుడూ అడిగి తిట్లు తినే నవాజ్ తానే పక్క బండి మీద ఉన్నాడు. సునంద "పదిలం" అంది, వాళ్ళు పోయారు.

కొండ మీద జరిగింది నాకు నవాజ్ చెప్పాడు. కింద ఎండ మండుతుంటే పైన మంచు కురుస్తోందట. సేలా కనుమ దగ్గరికి వచ్చేసరికి గాలి పలచబడి బండ్లు దగ్గడం మొదలుపెట్టాయి. పరమేశ్వర్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, మొద్దుబారిన వేళ్ళతో రెండు కార్బరేటర్లూ సరిచేశాడు. బండి దగ్గు తగ్గింది, నవాజ్ దగ్గు తగ్గలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఛాతీలో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు. గడ్డకట్టిన చెరువు ఒడ్డున కూర్చుని, ఇక్కడే కాసేపు పడుకుంటానన్నాడు.

పరమేశ్వర్ పడుకోనివ్వలేదు. నవాజ్ బండిని అక్కడే వదిలేశాడు. తన వెనక ఎక్కించుకుని, రెండు తువ్వాళ్ళు ముడివేసి అతన్ని తన నడుముకు కట్టుకున్నాడు. ముందు చక్రానికి అడుగు దూరంలో లోయ, కళ్ళకు అడ్డంగా పొగమంచు. "మాట్లాడురా, ఏదన్న మాట్లాడు, తిట్టు నన్ను" అని అరుస్తూ దింపాడట. కింద చిన్న దవాఖానలో డాక్టరు, ఆ రాత్రి పైనే ఉండి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నాడు. దిగడమే దానికి మందట. నవాజ్ బండిని సైనికుల లారీ ఒకటి తర్వాత దింపింది.

నవాజ్ లేచి తిరిగేసరికి కొన్నాళ్ళు పట్టింది. ఇక ఇంటికి పొమ్మన్నారు. గువాహటి స్టేషన్లో బండిని పార్సిల్‌లో వేయించి, పరమేశ్వర్ స్నేహితుడిని సీట్లో కూర్చోబెట్టాడు.

"నువ్వు గూడ రా పరమేశ్. ఇంటికి పోదాం" అన్నాడు నవాజ్.

"సగం తొవ్వల మర్లుతర్రా? మంచు చూసిన. అడవి ఒక్కటి మిగిలింది. చూసొస్త."

మాట నవాజ్ నాలుక చివరన ఉంది. జీవితమంతా పరిహాసానికి అడిగిన మాటే. కిటికీ కడ్డీల అవతల పరమేశ్వర్ నిలబడి ఉన్నాడు, బండి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ. తనను నడుముకు కట్టుకుని లోయ దింపిన మనిషి. అటువంటివాడిని బయలుదేరేముందు ఆ మాట అడిగి నొప్పించబుద్ధి కాలేదట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నవాజ్ ఆ మాట మింగేశాడు. రైలు కదిలింది.

తర్వాత నాలుగైదు ఫోన్లు వచ్చాయి సునందకు. దాటి వచ్చిన ఊళ్ళ గురించే చెప్పేవాడు, పోబోయేదాని గురించి ఒక్క ముక్క కూడా అనేవాడు కాదు. సముద్రమంత నది పక్కనుంచి వచ్చానన్నాడు. తేయాకు తోటల నడుమ నుంచి వచ్చానన్నాడు. ఒక ఫోటో పంపాడు, అందులో చేమాకు వంటి ఆకు ఒకటి ఆయన కంటే పెద్దగా ఉంది. దాని పక్కన నిలబడి నవ్వుతున్నాడు. సునంద నా హోటలుకు తెచ్చి చూపించింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ తర్వాత ఇంకో ఫోటో వచ్చింది. అందులో ఆయన లేడు. ఎర్రటి బురద, అందులో రెండు చక్రాల జాడలు, రెండు వైపులా గోడల్లా లేచిన పచ్చదనం. ఎంత పెద్దగా చేసి చూసినా పైన ఆకాశం ముక్క దొరకలేదు. ఆ జాడలు కొంతదూరం పోయి చీకట్లో కలిసిపోయాయి. నాకా ఫోటో నచ్చలేదు, సునందకు ఆ మాట చెప్పలేదు.

మర్నాడు పొద్దున చివరి ఫోను. వాన హోరులో మాట సరిగా వినిపించలేదట.

"ఇగ సిగ్నల్ ఉండదంట సునంద. కొన్నొద్దులు ఫోన్ రాకున్నా ఫికర్ పడకు."

ఆమెకు అడగాలనే ఉంది. కానీ ఫోన్లోంచి మాటతోపాటు బండి డుగుడుగు కూడా వస్తోంది. అంటే బండి మీద కూర్చునే ఉన్నాడు, ఇంజను నడుస్తోంది, పోబోతున్నాడు. అటువంటప్పుడు అడిగితే దిగిపోతాడు, ఆ వానలో కాళ్ళు కడుక్కోవడానికి పోతాడు. "పదిలం" అని మాత్రం అంది.

ఫికర్ పడొద్దన్నాడు కాబట్టి ఆమె పడలేదు. వారం గడిచింది, జాకెట్లు కుడుతూనే ఉంది. రెండో వారంలో కుట్టు తప్పడం మొదలైంది. నవాజ్ ఇల్లు చేరాడు గానీ నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, అయినా రోజూ వచ్చి వాకిట్లో కూర్చునేవాడు. గిరాకీ తగ్గాక నేనూ పోయి కూర్చునేవాడిని. రోడ్డు మీద బుల్లెట్ చప్పుడు వినిపిస్తే ముగ్గురం తలెత్తేవాళ్ళం, అది దాటిపోయేదాకా ఎత్తే ఉంచేవాళ్ళం.

చివరికి ఠాణాకు పోయాం. "ఎక్కడ తప్పిపోయిండమ్మ?" అన్నాడు రాసుకునే ఆయన.

"అడవిల సార్."

"ఏ అడవిల?"

సునంద నవాజ్ వైపు చూసింది. నవాజ్ నా వైపు చూశాడు. ఆయన పెన్ను పక్కన పెట్టి, "ఇంట్ల ఎవరికీ చెప్పకుండ పోయిండా?" అన్నాడు. అందరి ఎదుట, అందరి దీవెనతో పోయినవాడని ఎలా చెప్పడం? ఫోను చివరిసారి ఎక్కడ పలికిందో కనుక్కుంటామన్నాడు పాపం, దానికి టైం పడుతుందన్నాడు.

అంతవరకు ఆగడం నవాజ్ వల్ల కాలేదు. వాన, అడవి, అటు తూర్పు దిక్కు. ఈ మూడూ కలిస్తే మాలాంటివాళ్ళకు తట్టేది ఒకటే పేరు, బడిలో సారు బెత్తం పట్టుకుని చెప్పించిన పేరు. దేశంలో వాన ఎక్కువ పడేది ఎక్కడ? చిరపుంజిలో. వాడకట్టంతా అదే అన్నారు. కాదనడానికి మా ఎవరి దగ్గరా ఇంకో పేరు లేదు.

బషీరా ఏడ్చింది. ఊపిరి సరిగా ఆడనివాడివి, మళ్ళీ ఆ కొండలకేనా అని గుమ్మానికి అడ్డం నిలబడింది. నవాజ్ ఆమెను మెల్లగా పక్కకు జరిపి, సంచి భుజాన వేసుకుని ఆటో ఎక్కుతున్నాడు. అప్పుడు సునంద ఇంట్లోంచి వచ్చి ఆటోకు అడ్డం నిలబడింది.

"ఎటు పోతున్నవ్ నవాజన్న?" అని అడిగింది, అందరికీ వినబడేటట్టు. "ఏ ఊరు పోతవ్? ఏ తొవ్వల పోతవ్? ఏ పొద్దు ఏడ ఉంటవ్? అన్నీ చెప్పి కదులు."

ముసలమ్మలు చెవులు మూసుకున్నారు. ఒకామె అయ్యో అంది. నవాజ్ దిగలేదు, కాళ్ళు కడుక్కోలేదు. అన్నిటికీ జవాబు చెప్పాడు. చెప్పిన ఊరే తప్పు.

చిరపుంజిలో ఫోటో పట్టుకుని హోటలు హోటలూ తిరిగాడు. బండ్లు బాగుచేసే ప్రతి షెడ్డులో అడిగాడు. జలపాతాల దగ్గర బుట్టలమ్మే ఆడవాళ్ళకు చూపించాడు. అందరూ ఫోటోను శ్రద్ధగా చూసేవారు, తల అడ్డంగా ఊపేవారు. వానలో నానిన ఫోటో పోతే ఇంకోటి తీయించాడు. ఫోను చివరిసారి పలికింది మియావ్ అనే ఊరి టవరు కింద అని ఠాణానుంచి కబురు వచ్చేసరికి నవాజ్ ఇంకా అక్కడే తిరుగుతున్నాడు. మియావ్ అంటే అరుణాచల్ కొస. నవాజ్ ఉన్నచోటినుంచి అక్కడికి ఆ సముద్రమంత నది పొడుగునా పోవాలి.

బస్సులు మారుతూ చేరాడు. మియావ్ దాటగానే అడవి మొదలు. బుల్లెట్ మీద వచ్చిన నల్లటి మనిషిని అక్కడ చాలామంది చూశారు. ఎటు పోయాడంటే అందరూ ఒకే వైపు చెయ్యి చూపారు. ఆ తోవ వానలకు అక్కడక్కడ కొండ విరిగి పడి తెగిపోయింది. ఆ లోపలి ఊళ్ళకు ఉప్పు మోసుకుపోయే లిసు తెగ కూలీలతో కలిసి నవాజ్ నడిచాడు.

నడకలో రోజులు లెక్క తెలియలేదంటాడు. పగలు కూడా మునిమాపులాగే ఉండేదట. వాన ఆగినా చెట్లు కురుస్తూనే ఉండేవి. జలగలు చెప్పుల్లోంచి, కాలర్లోంచి, ఎక్కడినుంచి వచ్చేవో కనిపించేవి కావు, రక్తం కనిపించేది. ఊపిరి అందక కూర్చుంటే కూలీలు ఆగేవారు. వాళ్ళలో వాళ్ళు ఏదో గుసగుసలాడేవారు. వాళ్ళకు సంగతి తెలుసునని, తనకు చెప్పడం లేదని నవాజ్‌కు రెండో రోజే అనుమానం వచ్చింది. గట్టిగా అడగడానికి భయమేసిందట.

ఊరంటే ఏటి ఒడ్డున ఏడెనిమిది వెదురు ఇళ్ళు. మొదటి ఇంటి చూరు కింద పరమేశ్వర్ బుల్లెట్ ఉంది. ఎవరో దాన్ని శుభ్రంగా తుడిచి, తడవకుండా ఆకులు కప్పారు. నవాజ్ దాని సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. లోపలినుంచి ఒక ముసలాయన వచ్చి, పైనుంచి కిందిదాకా చూసి ఒకే ఒక్క మాట అన్నాడు.

"నవాజ్?"

నవాజ్ ఇంకా తన పేరు చెప్పలేదు.

ముసలాయన తనకు వచ్చిన కాస్త హిందీలో చెప్పాడు. ఏరు దాటుతుంటే రాళ్ళ మీద బండి పక్కకు ఒరిగి పరమేశ్వర్ కాలు దాని కింద నలిగింది. ఊరివాళ్ళు మోసుకొచ్చి వెదురు బద్దలు కట్టారు, తమకు తెలిసిన ఆకులు నూరి పెట్టారు. వాన తెరిపి ఇవ్వలేదు. కబురు చెప్పడానికి మనిషిని పంపితే ఏరు దాటలేక వెనక్కి వచ్చాడు. మోసుకుపోదామంటే తోవ లేదు. కాలు నల్లబడింది, జ్వరం పట్టుకుంది. అయినా మనిషి భయపడలేదట. అన్నం పెట్టే ముసలామెకు తానే ధైర్యం చెప్పేవాడట.

"మేరా దోస్త్ ఆతా. నవాజ్. ఉస్కు మాలూమ్ హై."

నా దోస్తు వస్తాడు, వాడికి తెలుసు అని. ఆ అడవిలో పెద్ద ముక్కు పక్షులుంటాయి. అవి ఎగిరితే రెక్కల చప్పుడు దూరంగా బండి వస్తున్నట్టే ఉంటుంది. అది వినిపించినప్పుడల్లా మోచేతుల మీద లేచి, తోవ వైపు చూసి నవాజ్ పేరు పిలిచేవాడట. చివరి రోజుల్లో లేవలేకపోయాడు, తల మాత్రం తిప్పేవాడు. నవాజ్ చిరపుంజిలో ఫోటో చూపిస్తూ తిరుగుతున్న రోజుల్లోనే ఒక తెల్లవారుజామున పోయాడు. ఊరివాళ్ళు ప్రార్థన చేసి, వెనక దిబ్బ మీద తమవాళ్ళ పక్కనే పాతిపెట్టారు.

మియావ్‌కు తిరిగి వచ్చి, సిగ్నల్ అందినచోట నిలబడి నవాజ్ ఫోన్ చేశాడు. ఇక్కడ సునంద వాకిట్లో కూర్చుని ఉంది, పక్కన బషీరా, గడప దగ్గర నేను. ఫోన్ లౌడ్‌లో పెట్టింది. ఏం విన్నా అందరం కలిసే వినాలనుకుందేమో.

నవాజ్ ఏమీ దాచలేదు. దాచమని బషీరా కళ్ళతో వేడుకుంటూనే ఉంది, అతనికి కనబడేదెలా? కాలు సంగతి చెప్పాడు, ఏరు సంగతి చెప్పాడు, దిబ్బ సంగతి చెప్పాడు.

"నా కోసం చూసిండు వదినె. నాకు తొవ్వ తెలుసని, నేనొస్తనని అందరికీ చెప్పుకుంట చూసిండు."

సునంద ఏడవలేదు. ఒళ్ళో ఉన్న కుట్టని జాకెట్ గుడ్డను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"అడిగితే తిడుతుండె" అంది చివరికి. "బండి దిగి, నీళ్ళు తాగి, మస్తు తిడుతుండె. తిట్టినంక చెప్తుండె గద నవాజన్న?"

నవాజ్ ఫోన్ పెట్టేయలేదు, సునంద కూడా పెట్టేయలేదు. అక్కడి వాన చప్పుడు మా వాకిట్లో చాలాసేపు వినిపించింది.